దొరికిందని చెప్పే రోజు

“వాగు పొంగితే పాప అటు, నేనిటు అయిపోతం మేడం. ఇయ్యాల్టికి మల్లిపోదాం.”

జీపు వాగు ఒడ్డున ఆగి ఉంది. నీళ్ళు పాదం మునిగేంత కూడా లేవు. కానీ ఆ మాట అన్న మనోజ్ఞ నీళ్ళను చూడటం లేదు, పైన కొండల మీద పేరుకుంటున్న మబ్బును చూస్తోంది. పొద్దున ఖమ్మంలో ఇల్లు వదిలేటప్పుడు పాప ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలింది. పన్ను మొలిచే వేడో, జ్వరమో తేల్చుకోకుండానే జీపెక్కేసింది. మణుగూరు దాటాక ఫోన్‌లో సిగ్నల్ పోయింది. అప్పటి నుంచీ ఆమె ఫోన్ తీసి చూస్తూనే ఉంది.

పక్కన కూర్చున్న ఫజిలత్ కొంగు నడుముకు దోపుకుని, చెప్పులు చేతిలోకి తీసుకుంది.

“నీళ్ళెంతున్నయి?”

“ఇప్పుడైతే కొన్నే ఉన్నయి.”

“పాప దగ్గర ఎవరున్నరు?”

“మా ఆయన ఉదయ్ ఉన్నడు. కాలేజీకి సెలవు పెట్టిండు.”

“మబ్బు ఇటే వస్తదా?”

“తెలవదు మేడం.”

“అవ్, నాకూ తెలవదు.” ఫజిలత్ డ్రైవర్ వైపు తిరిగింది. “కోటేషూ, నువ్వు ఈడనే ఉండు. నడిమిట్ల ఆ నల్లరాయి ఉంది చూడు, అది మునిగేటట్టుంటే హారన్ కొట్టు. నువ్వు కొట్టేదాక ఈ పిల్ల మబ్బు దిక్కు చూడదు.”

“చూస్తే ఏం చేయాలె మేడం?”

“చూస్తే ఈమె ఉప్మా డబ్బా నువ్వు తిను.”

ఆ రోజు కోటేష్ హారన్ కొట్టలేదు. ఉప్మా మాత్రం సగం తిన్నాడు.

మనోజ్ఞ రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. పాప పుట్టకముందు ఒక ప్రైవేటు కాలేజీలో ప్రయోగశాల చూసుకునేది. కాన్పు తరువాత ఆ ఉద్యోగం మళ్ళీ దొరకలేదు. అంకెలు చూసే మనిషి కావాలని పేపర్లో పడిన ప్రకటన చూసి, ప్రభుత్వ పద్దుల గురించి ఏమీ తెలియకుండానే పద్దు పరిశీలన కేంద్రంలో చేరింది. ఖమ్మంలో, ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు. ప్రభుత్వం సొమ్ము గానీ పార్టీల సొమ్ము గానీ ముట్టకుండా, బడ్జెట్‌లో చెప్పింది ఎంతవరకు జరిగిందో వెతికి జనానికి చెప్పడం దాని పని. ఆ వెతకడమూ చెప్పడమూ రెండూ ఫజిలత్ చేతి కింద ఉన్నాయి. ఆమె గది తలుపు మీద ‘ప్రజా ఆర్థిక విశ్లేషణ, ప్రచార విభాగాధిపతి’ అని పలక ఉండేది.

“నా కొలువు పేరే రెండు గడపలల్ల అయిపోదు. ఇగ నేను జనానికేం చెప్తా?” అని ఆ పలకను చూసి తనే నవ్వేది.

రెండు గడపల లెక్క ఆమె తండ్రిది. షుకూర్‌కు ఖిల్లా పక్క సందులో మైక్ సెట్ దుకాణం ఉండేది. మొదట రిక్షా మీద, తరువాత ఆటో మీద బూర కట్టుకుని ఊరంతా తిరిగేవాడు. సర్కస్ వచ్చిందని, చీరల సేల్ పెట్టారని, రేపు నల్లా నీళ్ళు రావని చెప్పేవాడు. ఆయనకు గొంతు ఉంది గానీ రాత లేదు. చెప్పాల్సిన మాట రాసిచ్చేది బడికి పోయే ఫజిలతే. ఆమె పొడుగ్గా రాస్తే ఆయన ఒప్పుకునేవాడు కాదు. రిక్షా రెండు గడపలు దాటేలోపు మాట ముగిసిపోవాలి అనేవాడు. మూడో గడప వాళ్ళకు సగం మాట వినబడిందంటే అది అబద్ధం కిందే లెక్క అనేవాడు.

పిల్లలు తప్పిపోయినప్పుడు మాత్రం షుకూర్ ఎవరి దగ్గరా కిరాయి తీసుకునేవాడు కాదు. ఏ రంగు గౌను, కాళ్ళకు పట్టీలున్నాయా, పేరు చెప్పగలదా అన్నీ అడిగి తెలుసుకుని సందుసందు తిరిగేవాడు. ఆ పిల్ల దొరికాక ఇంటివాళ్ళు సంతోషంలో ఆయన్ను మరిచిపోయేవారు. ఆయన మాత్రం మళ్ళీ ఆటో తీసి, తను తిరిగిన ప్రతి సందూ మళ్ళీ తిరిగి ‘దొరికింది’ అని చెప్పి వచ్చేవాడు. డీజిల్ దండగ అని భార్య సణిగేది.

“పోయిందని విన్నోళ్ళు అన్నం ముందట కూసొని ఆ పిల్లనే తలుసుకుంటుంటరు. వాళ్ళకు ముద్ద దిగొద్దా? పోయిందని చెప్పిన నోటితోటే దొరికిందని చెప్పాలె. ఎవల్నో పంపుడు కాదు,” అనేవాడు షుకూర్.

దొరికిందని చెప్పేటప్పుడు నాన్న గొంతు వేరేగా ఉండేదని ఫజిలత్ ఒకసారి మనోజ్ఞతో అంది. ఎలా ఉండేది అని మనోజ్ఞ అడిగితే, చాలాసేపు వెతుక్కుని, “చెప్పరాదు. అట్లాంటి గొంతు నాకు ఎన్నడూ రాలే. ఆ అవసరం పడలే,” అంది.

ఎందుకు పడలేదంటే, ఆమె ఉద్యోగం అలాంటిది. వాణిజ్యశాస్త్రం చదివి, కొన్నాళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసి, ఈ కేంద్రం పెట్టినప్పుడు వచ్చి చేరింది. అప్పటి నుంచీ ప్రతి ఏడూ ఆమె చెప్పాల్సినవన్నీ రాని వాటి గురించే. దవాఖానా గది రాలేదు. హాస్టల్ ప్రహరీ రాలేదు. రోడ్డు సగానికి వచ్చి ఆగింది. రాలేదని చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరని పత్రికల వాళ్ళు కూడా ఒప్పుకునేవారు. ఆ పొగడ్తకు ఆమె మొహం ఎప్పుడూ విప్పారలేదు.

ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఏ కాగితమైనా అచ్చుకు పోయేముందు, దానితో సంబంధం లేని మనిషినెవరినైనా కూర్చోబెట్టి పైకి చదవాలి. వినేవాళ్ళు ‘అంటే?’ అని అడిగితే ఆ వాక్యం కొట్టేయాలి. వివరించి చెప్పడం ఒప్పుకోదు ఫజిలత్. కొట్టేసి మళ్ళీ రాయాల్సిందే. మనోజ్ఞ రాసిన మొదటి కాగితంలో ‘సవరించిన అంచనాల మేరకు మూలధన వ్యయం కుదించబడినది’ అని ఉంది. కింద దుకాణంలో పరుపు కుట్టించుకోవడానికొచ్చిన పెద్దావిడ దాన్ని విని, అంటే అని కూడా అనలేదు.

“ఎవల్ని కుదించిన్రు బిడ్డా?” అని కంగారుగా అడిగింది.

ఫజిలత్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత మనోజ్ఞను కూర్చోబెట్టి, తను ఊళ్ళల్లో ఎలా చెబుతుందో చెప్పింది.

“బడ్జెట్ల పెట్టుడంటే పెండ్లి మాటలు నడుస్తున్నట్టు. మంజూరంటే మాట ఖాయమైనట్టు. విడుదలంటే పెండ్లికొడుకు బారాత్ బయల్దేరినట్టు. పని జరిగి బిల్లు చెల్లిందనుకో, అప్పుడు నిఖా అయినట్టు. మనోళ్ళు ఏం జేస్తరు? మాట ఖాయం కాంగనే బిర్యానీ వండి పెట్టుకుంటరు. అది పాసిపోయినంక మనల్ని తిడతరు.”

“ఆ మాట పెండ్లి కాని ఊరికి కూడా అర్థమైతదా మేడం?”

“పెండ్లి కాని ఊరు ఏడున్నది? బారాత్ కోసం చూసి చూసి ముసలైన ఊళ్ళున్నయి గానీ.”

భద్రాచలం వెళ్ళినప్పుడల్లా ఆమె కరకట్ట దగ్గర కాసేపు నిలబడేది. మెట్ల పక్కన గోదావరి ఎన్ని అడుగులుందో చెప్పే అంకెలు రాసి ఉంటాయి. వానాకాలంలో నీళ్ళు వాటిలో ఒక అంకె దాటితే మొదటి హెచ్చరిక. చదువు రాని ముసలమ్మ కూడా ఆ అంకె విని మూట కట్టుకుంటుంది. “చూసినవా, దీనికి ఎవ్వరూ అంటే అనరు. మన పద్దు గిట్ల ఉండాలె. గోడ మీద గీత లెక్క,” అనేది. ఆ గీతను చూసే తీరులో మనోజ్ఞకు ఏదో తెలిసేది. తినాలని ఉండి కొనుక్కోలేని వస్తువును చూసినట్టుండేది ఆ చూపు.

ఆ మొదటి ప్రయాణంలో వాళ్ళు వాగు దాటి పోయింది ఇప్పగుంపుకు. పినపాక అవతల అడవిలో ఉన్న చిన్న కోయ పల్లె అది. వానలు పడితే వాగు ఆ ఊరిని లోకం నుంచి కోసేస్తుంది. ఊళ్ళోకి అడుగు పెట్టగానే కోళ్ళు అరిచాయి, ఆ వెనకే ఒక గొంతు వినిపించింది.

“మైకమ్మ వచ్చింది. బారాత్ ఎక్కడిదాకొచ్చిందో అడుగుండ్రి.”

ఆ గొంతు ముత్తక్కది. ఆ ఊరి వాళ్ళు ఫజిలత్‌కు పెట్టుకున్న పేరు మైకమ్మ. ఆ వాగు మీద కడతామన్న వంతెన సంగతి చెప్పడానికి ఆమె ఏటా వచ్చేది. ముత్తక్క పీట వేసి, జావ తాగమని గిన్నె ముందు పెట్టి, తన మనవరాలిని చూపించింది. బడి సంచి కుట్టుకుంటున్న ఆ పిల్ల పేరు మంజూర.

మనోజ్ఞ ఆ పేరు రెండుసార్లు అడిగింది. ముత్తక్కే సంతోషంగా చెప్పింది. ఈ పిల్ల పుట్టిన వారమే సంతలో ఒక లీడరు మైకులో వంతెన మంజూరైంది అన్నాడట. అంతకుముందు ముత్తక్కకు పింఛను మంజూరైందంటే ఆ మరుసటి నెల చేతిలో పడింది. మంజూరంటే చేతికొచ్చినట్టేనని ఊరంతా అనుకున్నారు. అంత మంచి మాటను పిల్లకు పెట్టుకున్నారు. అంతటితో ఆగలేదు. వానాకాలం వాగు దాటే తాటి దోనెను పక్క ఊరికి ఇచ్చేశారు.

“వంతెన వచ్చినంక దోనె ఎందుకు, ఎండకు పగిలిపోతదని ఇచ్చినం. ఆళ్ళు ఇప్పుడు దాంట్ల గొడ్లకు కుడితి పోస్తున్నరు,” అని ముత్తక్క నవ్వింది. నవ్వుతూనే పిల్ల తల నిమిరింది. “ఆ పేరు పెట్టుకున్నది ఇప్పుడు ఆరో తరగతి. వానలు పడంగనే వాగవతల హాస్టల్ల వేస్తం. దసరాకు వాగు తగ్గితేనే నాకు దీని మొఖం. అప్పుడప్పుడు ఒడ్డుకు పోయి కూసుంటా. అవతల బడి గంట వినబడ్తది. గంట ఒక్కటే వినబడ్తది, ఇది వినబడదు.”

మనోజ్ఞ జావ తాగలేకపోయింది. పాప గొంతు వినక అప్పటికి ఒక్క పూటే అయింది.

తిరిగి వస్తుంటే, ఏటా ఇంత దూరం ఎందుకు రావడం, ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని ఫజిలత్‌ను అడిగింది. ఫజిలత్ చెప్పులు చేతిలోకి తీసుకుని నీళ్ళలోకి దిగింది. నల్లరాయి దాటాక చెప్పింది. “రాలేదని ఏటా చెప్తున్నది నేనే. వచ్చిందని కూడా నేనే చెప్పాలె గద. అబ్బాజాన్ తిరిగిన సందు అసుంటిది ఇది నాకు. ఒక్కపాలి చెప్తే చాలు. ఇగ మైకు ముట్ట.”

మరుసటి ఏడు ఫజిలత్‌కు కొలువులో ఆఖరు ఏడు. వానలు తగ్గేసరికి ఆమె దిగిపోవాలి. ఎండలు ముదిరిన రోజుల్లో, మనోజ్ఞ ఒక శాఖ కాగితాలు తిరగేస్తుంటే మార్చి చివర విడుదలైన పనుల్లో ఇప్పగుంపు వంతెన కనిపించింది. ఊరి పేరు తప్పు రాసి ఉంది గానీ వాగు పేరు, మండలం పేరు సరిగ్గానే ఉన్నాయి. ఆ వాక్యాన్ని వేలితో అదిమి పట్టుకుని ఫజిలత్ గదిలోకి తీసుకుపోయింది. ఫజిలత్ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. ఆ రోజు ఎవరి కాగితంలోనూ ఒక్క వాక్యం కొట్టేయలేదు.

మరుసటి రోజు ఇంటి నుంచి తండ్రి బూర తెచ్చింది. సొట్టలు పడిన పాత బూర. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక బాల్కనీలో కూర్చుని బూడిదతో తోమడం మొదలుపెట్టింది. కేంద్రానికి అధ్యక్షుడు వెంకటకృష్ణ సత్తుపల్లి వైపు పెద్ద రైతు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబం. మంచివాడు, కేంద్రానికి కష్టమొచ్చినప్పుడల్లా నిలబడ్డవాడు. సంగతి తెలిసి స్వయంగా వచ్చాడు.

“మనం పెట్టబోయే భద్రాచలం సభలో చెప్పేద్దామమ్మా. ఇన్నేళ్ళూ మనల్ని ఏడుపుగొట్టు సంఘం అన్నారు. ఒక్క శుభవార్త మీ నోటి మీదుగా పోనివ్వండి. విడుదలైందని కాగితంలో ఉందిగా? మనమేం కల్పించడం లేదుగా?”

“లేదు సార్,” అంది ఫజిలత్. తోముతున్న చెయ్యి ఆగలేదు.

మనోజ్ఞకు ఆ రెండు రోజులూ నిద్ర సరిగ్గా పట్టలేదు. పాప కోసం కాదు. ప్రయోగశాలలో ఒక పరీక్ష ఉండేది. కుప్పెలోకి బొట్టు బొట్టుగా ద్రావణం వదులుతుంటే ఒక్క బొట్టుకే గులాబీ రంగు వస్తుంది. కొత్త పిల్లలు అయిపోయిందని సంబరపడి అంకె రాసేసుకుంటారు. కుప్పెను కదిపితే ఆ రంగు మాయమవుతుంది. కదిపాక కూడా నిలిచిన రంగే రంగు. మార్చి ఆఖరున వదిలిన సొమ్ము ఆ మొదటి బొట్టు లాంటిది. మార్చితోనే పద్దుల ఏడు ముగుస్తుంది, ఆలోపు దాన్ని వాడకపోతే వెనక్కి పోతుంది. ఆఫీసుల్లో దాన్ని మురిగిపోవడం అంటారు. వాడారా లేదా అనేది చెప్పే కాగితం దసరా దాటితే గానీ రాదు. ఇది మనోజ్ఞకు నేర్పింది ఫజిలతే. అలాంటిది ఆమెకు గుర్తు లేదంటే నమ్మడం కష్టం.

చెబుదామని గది దాకా వెళ్ళిన మనోజ్ఞ తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల ఫజిలత్ బూరను నోటికి దగ్గరగా పట్టుకుని, కరెంటు లేకుండానే, చిన్నగా చెప్పుకుంటోంది.

“ఇప్పగుంపు వాళ్ళారా, మీ వంతెన దొరికింది. మీ వంతెన దొరికింది.”

మొదటిసారి అన్నప్పుడు అది ఆఫీసు గొంతే. మూడోసారికో నాలుగోసారికో వేరే గొంతు వచ్చింది. లోతుగా, కొంచెం పాడుతున్నట్టు, చివర్లో మెత్తగా విరిగే గొంతు. మనోజ్ఞ షుకూర్‌ను ఎప్పుడూ చూడలేదు. అయినా అది ఎవరి గొంతో ఆమెకు తెలిసిపోయింది. వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు తను నోరు తెరిస్తే ఆ గొంతు ఆగిపోతుంది. తెరవకపోతే ఇప్పగుంపులో మరోసారి బిర్యానీ వండుతారు, ఈసారి దోనె కూడా లేదు.

మళ్ళీ లేచి వెళ్ళింది.

“మేడం, ఇంకొక్క కాగితం రావాలె.”

ఫజిలత్ బూరను ఒళ్ళో పెట్టుకుని, లోపల వేలితో ఒక మరకను గీకింది.

“ఏ కాగితం?”

“మురిగిపోయిందో లేదో చెప్పేది.”

“అది వచ్చేసరికి నేనుండ.”

“అవ్ మేడం.”

బయట బస్సు ఒకటి పోయింది. ఆ చప్పుడు పూర్తిగా తగ్గాక ఫజిలత్ అంది. “నాకు తెలవదనుకున్నవా? తెలిసే తోముతున్న. ఎవలో ఒకరు వచ్చి అడిగేదాక తోముకుందాం అనుకున్న.” మసి అంటిన వేళ్ళను చూసుకుంది. “జల్దీ వచ్చినవ్. ఇంకొక్క దినం ఆగితే ఏం పోయేది?”

అది కోపం కాదు. నవ్వబోయింది, కానీ నవ్వు సగంలోనే ఆగింది. భద్రాచలం సభలో ఆ మాట రాలేదు. వెంకటకృష్ణ రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు ఆఫీసుకు మామిడిపళ్ళ బుట్ట పంపించాడు.

వానలు మొదలయ్యేముందు వాళ్ళిద్దరూ ఇప్పగుంపుకు వెళ్ళారు. ఫజిలత్ బూర కూడా తీసుకుంది. ఎందుకని మనోజ్ఞ అడగలేదు. అడగడానికి భయమేసింది. పైన కొండల్లో ముందే వాన పడిందేమో, వాగులో అప్పుడే ఎర్రనీళ్ళు కదులుతున్నాయి. నల్లరాయి నడుము దాకా తడిసి ఉంది.

బూరను చూడగానే ఊరు ఊరంతా ముత్తక్క పందిరి కిందికి వచ్చింది. ముత్తక్క పీట వేయడం కూడా మరిచిపోయింది.

“మైకమ్మా, ఈసారి బూర తెచ్చినవ్. మంచి మాటేనా? బారాత్ వచ్చిందా?”

ఫజిలత్ బూరను పందిరి గుంజకు ఆనించింది. వైరు చేతిలోకి తీసుకుని, చుట్ట చుట్టి కింద పెట్టింది. అందరూ నిశ్శబ్దమయ్యాక ఉత్త గొంతుతో చెప్పింది.

“బారాత్ బయల్దేరింది. అది కాగితం మీద చూసిన. తొవ్వల ఉన్నదా, మల్ల ఇంటికే పోయిందా, నాకు తెలవదు. దసరా పోయినంక తెలుస్తది. తెలిసినంక వచ్చి చెప్తం. అప్పటిదాక బిర్యానీ వండకుండ్రి.”

వెనక ఎవరో ముసలాయన “పోయిన ఏడు బయల్దేరనే లేదు. ఈ ఏడు బయల్దేరింది. నయమే గదా,” అన్నాడు. కొందరు నవ్వారు. ముత్తక్క నవ్వలేదు.

“దసరాకు నువ్వే వస్తవా?”

“ఈ బిడ్డ వస్తది.”

“నువ్వు రావా?”

“నా కొలువు అయిపోతది ముత్తక్కా.”

ముత్తక్క మనోజ్ఞను కొత్తగా చూసినట్టు కిందికీ పైకీ చూసింది. “ఈమె నీళ్ళకు భయపడ్తది,” అంది.

“భయపడ్తది, అయినా వస్తది,” అంది ఫజిలత్.

జీపు దగ్గరికి నడుస్తుంటే మంజూర బూరను మోసుకుంటూ వెనకే వచ్చింది. ఫజిలత్ ఆగి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. “తీసుకపోయి మీ నాయనమ్మ ఇంట్ల కట్టు. ఊకె తెచ్చుడు, ఊకె మోసుకపోవుడెందుకు. ఎప్పటికైనా ఈడనే పలకాలె అది.” పిల్ల వెనక్కి పరుగెత్తింది. ఫజిలత్ జీపెక్కి, ఖమ్మం వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం, ఇల్లెందు దాటాక, “ఆ గొంతు వచ్చిందే నాకు,” అంది. మనోజ్ఞ తాను విన్నానని చెప్పలేదు.

వానలు తగ్గాక ఫజిలత్ కొలువు నుంచి దిగిపోయింది. తలుపు మీద పలకను వెంకటకృష్ణ తీయనివ్వలేదు. దసరా దాటాక రావాల్సిన కాగితం వచ్చింది. మనోజ్ఞ అందులో వంతెన వరుస వెతికి, పక్కన ఖర్చు అంకె ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం చూసింది. సొమ్ము వాడలేదు. మురిగిపోయింది.

ఇప్పగుంపుకు పోవాల్సిన రోజు పొద్దున పాపకు నిజంగానే జ్వరం వచ్చింది. ఈసారి పన్ను వేడి కాదు. ఉదయ్ పాపను భుజాన వేసుకుని, “రేపు పోరాదా?” అన్నాడు. మందు పోశారు, డాక్టర్‌కు ఫోన్ చేశారు. ఊరికి కబురు పంపి మాట ఇచ్చింది ఆ రోజుకే. ముత్తక్క ఒడ్డున కూర్చుని ఉంటుంది. మనోజ్ఞ చెప్పులు వేసుకుంది, తీసేసింది, మళ్ళీ వేసుకుంది. గడప దాటి నిలబడి ఫజిలత్‌కు ఫోన్ చేసింది.

“పాపకు జ్వరం మేడం. నేను పోతే ఇంకా పెరుగుతదేమో. ఫిట్స్ వస్తయేమో. ఫోన్ కలవదు ఆడ. ఏమన్న అయితే...”

“ఆగు,” అంది ఫజిలత్. వెనక ఎవరో కూరగాయలమ్ముతున్న అరుపు వినబడింది. “తెలిసింది ఏంది?”

ఆ తరువాత ఫజిలత్ ఇంకేవో మాటలు చెప్పింది. మనోజ్ఞ విని, లోపలికి వచ్చి ఉదయ్‌కు అవే చెప్పి, రెండు ఇడ్లీలు నిలబడే తిని జీపెక్కింది.

ఇప్పగుంపులో అందరికీ తెలిసేట్టు ఉత్త గొంతుతోనే చెప్పింది. “బారాత్ మల్లిపోయింది. పైసలు వాడలే. మురిగిపోయినయి.”

“మురిగిపోవుడేంది?” అంది ముత్తక్క. “అయేమన్న చేపలా?”

ఎవరో నవ్వారు. వాగు తగ్గి ఇంటికొచ్చిన మంజూర నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. దూలానికి కట్టిన బూర మెరుస్తోంది. ఆ పిల్ల దాన్ని రోజూ తుడుస్తోందని చూస్తేనే తెలుస్తోంది.

“తీసుకపోతవా దాన్ని?” అని అడిగింది ముత్తక్క.

“ఈడనే ఉండని. ఇప్పపూలు రాలేటప్పుడు కొత్త బడ్జెట్ వస్తది. అది చూసి మల్ల వస్త.”

“వస్తవా? నీళ్ళకు భయపడవా?”

“భయపడ్త,” అంది మనోజ్ఞ.

ముత్తక్క పీట తెచ్చి వేసింది. ఈసారి మనోజ్ఞ జావ మొత్తం తాగింది.

మణుగూరు దగ్గర సిగ్నల్ వచ్చింది. పాపకు జ్వరం ఇంకా ఉంది, ఆడుకుంటోంది అని ఉదయ్ మెసేజ్ పెట్టాడు. ఫజిలత్ నుంచి కాల్ వచ్చింది.

“చెప్పినవా?”

“చెప్పిన మేడం.”

“ఏమన్నరు?”

“మల్ల ఎప్పుడొస్తవన్నరు.”

“నా సందు అది,” అంది ఫజిలత్, మెల్లగా. “దొరికిననాడు నాకు ఫోన్ చెయ్యి. ఫోన్ల నుంచే చెప్త, బూరకు దగ్గర పెట్టు.”

పాప ఇప్పుడు నడుస్తోంది, పడుతోంది, దగ్గుతోంది. మనోజ్ఞకు భయం తగ్గలేదు. కానీ ఇదివరకులా నిద్రలో లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం లేదు. భయం వచ్చినప్పుడల్లా ఆ పొద్దున గడప బయట విన్న మాటలే మనసులో చెప్పుకుంటుంది, చెప్పినట్టే చేస్తుంది.

“తెలిసింది తెలిసినంతే చెప్పు. తెలవంది తెలవదను. మల్ల ఎప్పుడు చూస్తవో అది కూడా చెప్పు. చెప్పిన యాళ్ళకు పోయి చూడు బిడ్డా, నడుమల మాత్రం కూసొని అన్నం తిను.”